మాయల ఫకీరు ప్రాణం ఎక్కడుంది?

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో పిల్లల్ని పెంచుకుంటున్న తెలుగు తల్లిదండ్రుల్లో చాలామంది కథల పుస్తకం చేతికి రాగానే చివరి పేజీ తిప్పి చూస్తారు. అక్కడ 'నీతి' అని ఒక వాక్యం కనిపిస్తే మనసు కుదుటపడుతుంది. వారాంతపు తెలుగు బడుల్లో చెప్పే కథలకీ, పండుగ వేదికల మీద పిల్లలు ఆడే నాటికలకీ అదే కొలత. విలువలనే మందు గొంతు దిగాలంటే కథ అనే బెల్లం ఉండాలని మన నమ్మకం. అందుకే పంచతంత్రానికీ మర్యాద రామన్నకీ పీట వేస్తాం. మాంత్రికులూ రాకాసులూ ఏడు సముద్రాల అవతలి చిలకలూ ఉన్న జానపద కథల్ని మాత్రం మూఢనమ్మకాలనీ, పిల్లలు జడుసుకుంటారనీ, నేర్చుకునేదేమీ లేదనీ పక్కన పెడతాం. నా వాదన దీనికి ఎదురు. నీతి కథ మనం అనుకున్నంత పని చెయ్యదు. ఏ నీతీ చెప్పని మాయల కథ మాత్రం పసి మనసులో పెద్ద పనే చేస్తుంది. ఆ సంగతి మనకంటే ముందు టెలివిజన్ కనిపెట్టింది.

ముందు నీతి కథల సంగతి. 2014లో టొరంటో విశ్వవిద్యాలయ పరిశోధకుడు కాంగ్ లీ బృందం మూడేళ్ల నుంచి ఏడేళ్ల పిల్లలతో చేసిన ప్రయోగం ఒకటి అచ్చయింది. పిల్లవాడి వెనక ఒక బొమ్మ పెట్టి, దాని చప్పుడు విని అదేమిటో చెప్పాలనీ, తిరిగి చూడకూడదనీ చెప్పి పెద్దవాళ్లు గది దాటి వెళతారు. తిరిగొచ్చాక ఒక కథ చదివి వినిపిస్తారు. అప్పుడు "తొంగి చూశావా?" అని అడుగుతారు. కొందరికి వినిపించింది మనం 'నాన్నా, పులి!' అని చెప్పుకునే కథ. కొందరికి అబద్ధమాడితే ముక్కు పొడుగయ్యే పినోకియో కథ. ఇంకొందరికి చెర్రీచెట్టు నరికిన సంగతి తండ్రి దగ్గర ఒప్పుకుని మెప్పు పొందిన జార్జి వాషింగ్టన్ కథ. పులి కథా ముక్కు కథా విన్న పిల్లలు, నిజాయితీతో సంబంధం లేని కుందేలూ తాబేలూ కథ విన్నవాళ్లకంటే ఎక్కువగా నిజం చెప్పలేదు. వాషింగ్టన్ కథ విన్నవాళ్లు చెప్పారు. అదే కథ ముగింపు మార్చి, అబద్ధానికి కలిగే చెడునే చూపిస్తే ఆ కాస్త ప్రభావమూ పోయింది. తప్పు చేస్తే ఏమవుతుందో చూడు అని వేలు చూపించే కథను పిల్లలు వింటారు, బుద్ధిగా తలూపుతారు, తర్వాత తమ పని తాము చేసుకుంటారు.

జంతువుల కథలకీ ఇలాంటి పరీక్షే జరిగింది. అదే టొరంటోలో ప్యాట్రీషియా గేనియా బృందం, పంచుకోవడం గురించిన ఒకే కథను కొందరు పిల్లలకు మనుషుల బొమ్మలతోనూ, కొందరికి బట్టలు తొడుక్కున్న జంతువుల బొమ్మలతోనూ చదివించింది. మనుషుల కథ విన్న పిల్లలు తమ స్టిక్కర్లు మునుపటికంటే ఎక్కువగా ఇతరులకు ఇచ్చారు, జంతువుల కథ విన్నవాళ్లు ఇవ్వలేదు. ఒక్క ప్రయోగంతో పంచతంత్రాన్ని అటకెక్కించనక్కర్లేదు. నిజానికి పంచతంత్రానికి ఇందులో అవమానమేమీ లేదు. విష్ణుశర్మ ఆ కథలు చెప్పింది చంటిపిల్లలకు కాదు, రాజ్యం ఏలవలసిన రాజకుమారులకు. స్నేహితుల మధ్య చిచ్చు ఎలా పెడతారు, బలవంతుడి కొలువులో ఎలా బతకాలి లాంటి విషయాలవి. చిన్నయసూరి నీతిచంద్రిక చదివినవారికి అందులోని లోకజ్ఞానం ఎంత కరుకుదో తెలుసు. దాన్ని నాలుగేళ్ల పిల్ల పడక పక్కకు తెచ్చింది తర్వాతి కాలంలో మనమే.

ఇక మాయల కథ. బాలనాగమ్మనే తీసుకుందాం. సవతి తల్లి మాటకు లొంగి తండ్రి ఆడపిల్లల్ని అడవిపాలు చేస్తాడు. కడపటి పిల్ల బాలనాగమ్మ రాజకుమారుణ్ణి పెళ్లాడి కొడుకును కంటుంది. భిక్ష అడుగుతూ వచ్చిన మాయల ఫకీరు ఆమెను కుక్కగా మార్చి ఎత్తుకుపోతాడు. వెతుక్కుంటూ వెళ్లినవాళ్లు రాళ్లవుతారు. చివరికి ఉయ్యాలలో వదిలేసి వెళ్లిన పసివాడే పెరిగి, ఫకీరు ప్రాణం దాగిన చిలకను పట్టి, తల్లిని విడిపిస్తాడు. బుర్రకథగా, నాటకంగా ఊరూరా తిరిగిన ఈ కథను 1942లో జెమినీవారు సినిమా తీస్తే కాంచనమాల బాలనాగమ్మ అయింది. అంతకు చాలాముందు, 1868లోనే, బొంబాయి గవర్నరు కూతురు మేరీ ఫ్రీర్ తన ఆయా అన్నా లిబరేటా డి సౌజా చెప్పిన కథల్ని ఇంగ్లీషులో పుస్తకంగా వేసింది. అందులో మొదటి కథ ఇంచుమించు ఇదే. పేరు పంచ్‌కిన్, నాయిక పేరు బాల్నా. ఓ ఆయా నోట విన్న దక్కను కథ మనకంటే నూరేళ్లు ముందే విదేశం చేరిందన్నమాట. రష్యాలో కొశ్చేయ్ అనే మాంత్రికుడి ప్రాణం గుడ్డులోని సూదిలో ఉంటుంది. హ్యారీ పాటర్‌లో వోల్డెమార్ట్ తన ప్రాణాన్ని ముక్కలు చేసి వస్తువుల్లో దాస్తాడు. డల్లాస్‌లో పుట్టిన తెలుగు పిల్లవాడికి చిలక సంగతి కొత్తగా అనిపించాల్సిన పని లేదు, వాళ్ల నాన్నమ్మ చెప్పకపోతే తప్ప.

ఈ కథలో నీతి ఏమిటని అడిగితే జవాబు దొరకదు. భిక్ష వెయ్యడం తప్పని చెబుతుందా? అలా చెబితే మన సంస్కృతికే విరుద్ధం. కానీ అయిదేళ్ల పిల్లకు ఈ కథ తన కథే. అమ్మ కనిపించకుండా పోతే ఏమిటి? నాన్న కాపాడలేకపోతే? అందరూ నాకంటే పెద్దవాళ్లు, బలమైనవాళ్లు, మరి నా సంగతేమిటి? ఇవి ఆ వయసు పిల్లలు నోరు తెరిచి అడగలేని ప్రశ్నలు. కథ వాటికి రూపం ఇస్తుంది, పేరు పెడుతుంది, చివర అందరికంటే చిన్నవాడి చేత గెలిపిస్తుంది. 'నాన్నా, పులి!'లోని భయానికీ ఈ భయానికీ తేడా అక్కడే. పులి వింటున్న పిల్లవాడి మీదికే వస్తుంది, నువ్వూ ఇలా చేస్తే ఇంతే అని. ఫకీరు పిల్లవాడి ఎదుట నిలబడతాడు, వాణ్ణి దాటే దారి కథలోనే ఉంటుంది. 1976లో మనస్తత్వవేత్త బ్రూనో బెటెల్‌హైమ్ ఈ మాటనే ఒక పెద్ద పుస్తకంగా రాశాడు. ఆయన మీద తర్వాత చాలా విమర్శలు వచ్చాయి. ఇతరుల రచనల నుంచి చెప్పకుండా తీసుకున్నాడన్నారు, తన సంస్థలోని పిల్లలతో కఠినంగా ప్రవర్తించాడన్నారు, ఆయన ఫ్రాయిడు వ్యాఖ్యానాలకు రుజువులు లేవన్నారు. ఆ విమర్శల్లో బలం ఉంది, ప్రతి బావిలోనూ కప్పలోనూ ఆయన చూసిన అర్థాలను నేనూ నమ్మను. అయితే పిల్లలకు భయం బయటినుంచి కథలు తెచ్చిపెట్టేది కాదనీ, ముందే లోపల ఉన్నదానికి కథ ఒక హద్దూ ముగింపూ ఇస్తుందనీ ఆయన అన్న మాట నిలబడేదే. మూఢనమ్మకాల అభ్యంతరం అంతకంటే బలహీనం. మూడు నాలుగేళ్ల పిల్లలకే నిజానికీ ఉత్తుత్తికీ తేడా చాలావరకు తెలుసు. మట్టి అన్నం వడ్డించి, నిజంగా తినబోతే నవ్వేది వాళ్లే.

సవతి తల్లి దగ్గర కాసేపు ఆగాలి. టెలివిజన్‌కు దారి అక్కడినుంచే ఉంది. గ్రిమ్ సోదరులు 1812లో వేసిన మొదటి కూర్పులో స్నోవైట్‌ను చంపించబోయేది కన్నతల్లే, హాన్సెల్, గ్రెటెల్‌లను అడవిలో వదిలెయ్యమనేదీ కన్నతల్లే. తర్వాతి కూర్పుల్లో ఇద్దరూ సవతి తల్లులయ్యారు. అమ్మ పేరు పాడవకూడదని గ్రిమ్‌లు అలా చేసి ఉండవచ్చు. ఫలితం మాత్రం పిల్లలకు పనికొచ్చింది. ముద్దుపెట్టే అమ్మా, కోపంతో కళ్లెర్రజేసే అమ్మా ఒకరేనన్నది నాలుగేళ్ల మనసుకు మింగుడుపడదు. కథ ఆమెను రెండుగా చీల్చి, చచ్చిపోయిన మంచి తల్లి మీద ప్రేమనూ, బతికున్న సవతి తల్లి మీద కోపాన్నీ నిక్షేపంగా ఉంచుకోనిస్తుంది. (నిజజీవితంలో మారుతల్లులకు దీనివల్ల జరిగిన అన్యాయం తక్కువేం కాదు. అది ఒప్పుకోవలసిందే.)

2011 అక్టోబరులో అమెరికా టీవీలో వారం తిరగకుండా రెండు జానపద సీరియళ్లు మొదలయ్యాయి. ఏబీసీలో 'వన్స్ అపాన్ ఎ టైమ్', ఎన్‌బీసీలో 'గ్రిమ్'. మొదటిది ఏడు సీజన్లు నడిచింది, రెండోది ఆరు. చూసినవాళ్లలో పెద్దవాళ్లు తక్కువేమీ కాదు. ఎందుకు చూశారు? కాలక్షేపం అనేస్తే పని అయిపోదు, కాలక్షేపానికి పోలీసు సీరియళ్లు బోలెడున్నాయి. 'వన్స్ అపాన్ ఎ టైమ్'లో శాపం తగిలి స్నోవైటూ మిగతావాళ్లూ అమెరికాలోని ఓ చిన్న ఊళ్లో పడి ఉంటారు. తామెవరో తమకే గుర్తుండదు. పదేళ్ల హెన్రీ చేతిలోని కథల పుస్తకంలో మాత్రం అంతా ఉంటుంది. వాణ్ణి పెంచిన తల్లి రెజీనాయే స్నోవైట్‌ను హింసించిన దుష్టరాణి, కన్నతల్లి ఎమ్మా స్నోవైట్ కూతురు. గ్రిమ్‌లు చీల్చిన తల్లిని ఈ సీరియల్ మళ్లీ అతికే పనిలో పడుతుంది. దుష్టరాణి అలా ఎందుకైంది, ఆమె ప్రేమ నిజమైనదేనా, మనిషి మారగలదా అని సీజన్ల తరబడి అడుగుతూనే ఉంటుంది. పిల్లలకు కథ చీల్చి ఇచ్చినదాన్ని పెద్దవాళ్లు తిరిగి కలుపుకోవాలనుకుంటారు. తామూ తల్లులూ తండ్రులూ అయ్యాక, కోప్పడే రాణిలో తమ ముఖమే కనిపిస్తుంది కాబట్టి. పెద్దల టీవీలో జానపద కథకు ఉన్న గిరాకీకి అసలు కారణం ఇదేనని నా అంచనా. అయితే దీనికో ఖరీదుంది. సీరియల్‌కు ముగింపు పనికిరాదు, ప్రకటనలు ఆగిపోతాయి. చచ్చిన మాంత్రికుడు వచ్చే సీజనులో లేచొస్తాడు. పెద్దలకు అది సరదా. ఫకీరు ఇంక రాడన్న నమ్మకంతో నిద్రపోవలసిన పిల్లకు అది పనికిరాదు.

అలాగైతే పిల్లల కార్టూన్లు ఉన్నాయి కదా, టీవీయే కథ చెబుతుంటే మనమెందుకు అనవచ్చు. 2018లో సిన్సినాటి చిల్డ్రన్స్ ఆసుపత్రి వైద్యుడు జాన్ హట్టన్ బృందం నాలుగేళ్ల వయసు పిల్లలు 27 మందికి మెదడు స్కానింగ్ చేస్తూ కథలు మూడు రకాలుగా అందించింది. వినికిడి మాత్రమే ఒకటి, కదలని బొమ్మలతో చదివింది ఒకటి, యానిమేషన్ ఒకటి. యానిమేషన్‌లో చూపుకూ వినికిడికీ సంబంధించిన భాగాలు బాగా పనిచేశాయి, కానీ వాటి మధ్య సంబంధం బలహీనపడింది, కథ అర్థమైంది కూడా అన్నిటికంటే తక్కువ. ఒట్టి వినికిడిలో పిల్లలు కాస్త కష్టపడ్డారు. బొమ్మల పుస్తకం దగ్గర అన్నీ కలిసి పనిచేశాయి. చిన్న అధ్యయనమే, అయినా అది చెప్పేది ఊహకు అందేదే. తెర ఫకీరును తయారుగా తెచ్చి చూపిస్తుంది. వినే పిల్ల తానే తయారుచేసుకోవాలి, అదీ తాను తట్టుకోగలిగినంత భయంకరంగానే. ఇక భాష. హైదరాబాదులో రాజీవ్ చిలక సంస్థ 2008లో తెచ్చిన ఛోటా భీమ్ దేశమంతా పాకింది. దాని బుల్లి రూపం 'మైటీ లిటిల్ భీమ్' 2019లో నెట్‌ఫ్లిక్స్ ద్వారా ప్రపంచమంతా తిరిగింది. అందులో సంభాషణలే లేవు, అన్ని దేశాలకూ అంత తేలిగ్గా చేరడానికి అదీ ఒక కారణం. మన ఊళ్లో తయారైన కథ మన పిల్లల తెర మీదికి వచ్చింది, తెలుగు మాత్రం రాలేదు.

ఆడపిల్లల తల్లులు అడిగే ప్రశ్న ఒకటి మిగిలింది. ఎవరో రాజకుమారుడు వచ్చి విడిపించేదాకా కూర్చునే నాయికలు మా పిల్లలకెందుకు అని. సారా కోయిన్ అనే పరిశోధకురాలు 2016లో డిస్నీ రాకుమార్తెల మోజు ఎక్కువున్న చిన్నపిల్లల్లో ఏడాది తర్వాత 'ఆడపిల్లల తీరు' మరింత కనిపించిందని రాసింది. 2021లో అదే బృందం, అయిదేళ్ల తర్వాత చూస్తే ఆ మోజున్నవాళ్లే స్త్రీల విషయంలో మరింత ఉదారంగా ఆలోచిస్తున్నారని రాసింది. ఏది దేనికి కారణమో ఈ పరిశోధనలు తేల్చవు, తొందరపడి తీర్పు చెప్పవద్దనడానికి మాత్రం చాలు. పైగా అన్నా లిబరేటా చెప్పిన కథలో మాంత్రికుడి ప్రాణం ఎక్కడుందో తీపి మాటలతో రాబట్టేది బాల్నాయే. కొడుకు చేసింది పట్టుకు రావడమే. కథ చెప్పే అమ్మ ఆ భాగాన్ని రెండు నిమిషాలు ఎక్కువ చెప్పినా అడ్డుకునేవారు లేరు. నోటి కథకున్న సౌకర్యం అది, తెరకు లేదు.

నీతి వాక్యం తీసేస్తే మిగిలిన ఖాళీలో ఏం పెట్టాలో బేతాళ కథలు ఎప్పుడో చూపించాయి. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన చందమామ, పాత పాతిక కథలు అయిపోయాక కొత్తవి అల్లించి దశాబ్దాల పాటు నడిపింది. ఆ కథల చివర ఉండేది ప్రశ్న. వాళ్లు చేసింది న్యాయమేనా, ఎవరి త్యాగం గొప్పది? విక్రమార్కుడి జవాబు వినేలోపు పిల్లకు తన జవాబు చెప్పే వ్యవధి ఉంటుంది, రాజుతో విభేదించే హక్కూ ఉంటుంది. 1988లో గ్రోవర్ వైట్‌హర్స్ట్ బృందం చేసిన ప్రయోగంలో బొమ్మల పుస్తకం చదువుతూ మధ్యమధ్య ప్రశ్నలు అడగడం నేర్చుకున్న తల్లిదండ్రుల పిల్లలు, నెల రోజుల్లోనే మాటల్లో తోటివాళ్లకంటే ముందుకెళ్లారు. బేతాళుడి పద్ధతి కూడా అదే. అయితే ఇక్కడి మన ఇళ్లలో చిక్కు వేరు. అమ్మ తెలుగులో అడుగుతుంది, పిల్ల ఇంగ్లీషులో జవాబిస్తుంది. అక్కడ చాలామంది కథ ఆపి "తెలుగులో చెప్పు" అంటారు, జవాబు గొంతులోనే ఆగిపోతుంది. రాజు చేసింది తప్పని ఆ పిల్ల ఎందుకనుకుందో ముందు విందాం. తెలిసీ చెప్పకపోతే తల పగులుతుందని బేతాళుడు బెదిరించాడు కానీ, ఏ భాషలో చెప్పాలో షరతు పెట్టలేదు.