దేశాంతరము

దూరమును కోసులతో కొలుచుట లోకపు వాడుక. మన స్మృతికారులు వేఱొక కొలతయు నెఱుగుదురు. జ్ఞాతి దేశాంతరమున మృతినొందెనన్న వార్తను పదిదినములలోపల వినినవానికి మిగిలిన దినములే ఆశౌచమనియు, తరువాత వినినచో మూడురాత్రులనియు, ఏడాది దాటినచో స్నానమాత్రమనియు మనువు విధించెను. ఇక దేశాంతరమన నేది? నడుమ మహానది యుండినను, పర్వత మడ్డమైనను, భాష మాఱినను దేశాంతరమే యని కొందఱు. అఱువది యోజనములని, నలువదియని, ముప్పదియని మఱికొందఱు. పదిరాత్రులలో వార్త చేరని చోటే దేశాంతరమని యింకొక నిర్వచనము గలదు. మాకు నచ్చినది ఇదియే.

మొదటి లక్షణమును అక్షరశః పట్టుకొన్నచో రాజమహేంద్రవరమునకు కొవ్వూరు దేశాంతరము కావలసివచ్చును! 1900వ సంవత్సరమున గోదావరిపై రైలువంతెన తెఱువబడిన పిమ్మట ఆ మాట యెవరు పలుకుదురు? కాకినాడనుండి పొగయోడలపై రంగూనునకు పోయిన డెల్టావాసుల సంగతి వేఱు. ఉత్తరము సముద్రము దాటి చేరులోపల ఇచట దహనము ముగిసియుండెడిది. రాలేదని ఆ కుమారుని నిందించుటకు తావే లేదు.

నేడు చికాగోనుండి హైదరాబాదునకు గోళముమీద దారము పఱచి కొలిచిన సుమారు 13,300 కిలోమీటర్లు. గోడమీది పటము చూచువారు అట్లాంటిక్కును అడ్డముగా దాటవలెనని తలంతురు గాని, ఆ దారము ఉత్తరధ్రువమునకు చేరువగా, 79వ అక్షాంశము దాపునకు పోయి దిగును. 2021 జనవరిలో ఎయిరిండియా ఈ రెండు నగరముల నడుమ నేరుగా విమానము నడుప మొదలిడినప్పుడు అది పదునాఱు గంటలకు పైబడిన ప్రయాణము. త్రోవలో విమానము మాఱువారికి ఒక దినమైనను పట్టును. అటుపిమ్మట మధురపూడికి ఒక గంట. అచటినుండి కోనసీమలోని యూరికి కారులో మఱి రెండుగంటలు. మరల ఆ దేశమున ప్రవేశించుటకు వీసా ముద్ర లేనివానికి ఈ గంటల లెక్కలేవియు అక్కఱకు రావు.

వార్త మాత్రము నిమిషములో చేరును. ఆ స్మృతి లక్షణమున చూచిన భూమిమీద దేశాంతరమే లేకపోయెను. కాని దేహము వార్తవలె రాజాలదు. ఈ రెంటినడుమ నేర్పడిన యొకటి రెండు దినముల యెడమే నేటి ధర్మసంకటము. ఈలోపల శవము ఐసుపెట్టెలో నుండును; ఇంటి స్త్రీలు అన్నము ముట్టక కూర్చుందురు; చుట్టములు విమానమెంతవఱకు వచ్చెనో ఫోనులో చూచుచుందురు.

ఆ నిరీక్షణ కడసారి చూపు కొఱకైనచో మేము తప్పుపట్టము. తల్లి ముఖమును చూడగోరు కొడుకును కాదనుట కఠినము. నిప్పుపెట్టుటకు కొడుకే కావలెనను పట్టుదలచే నిరీక్షింపజేయుట వేఱు. ఐదేండ్లు మంచముదగ్గఱ కూర్చుండి మందులిచ్చిన కూతురు అదే వీధిలో నుండగా, ఆమె చేతికి కొఱవి నీయక పదుమూడువేల కిలోమీటర్ల యవతలనున్నవానికై ఎదురుచూచుట ఎందులకు? తల్లిదండ్రులు మృతినొందిరని వినిన కుమారుడు ఎంత దూరముననున్నను, వినిననాటినుండి పదిదినములు పట్టవలెనని స్మృతివచన మున్నది. అనగా వార్త చెవినిబడిన చోటనే అతని విధి మొదలగును; అందులకు మధురపూడిలో దిగవలసిన పనిలేదు. చికాగోలోని గదిలో కొడుకు ఆ దినములు పట్టవచ్చును, ఇచట కూతురు దహనము చేయవచ్చును. ఒంటరియైన తండ్రివద్ద నెలదినములుండుటకు అతడు సెలవు చూచుకొని పిదప రావచ్చును. ముందుగా కొన్న టిక్కెట్టు వెలయు తక్కువ.