ఎంతిస్తారేటి?

చోడవరంలో మా ఇంటి అరుగు మీద కూర్చుని, ఇచ్చిన మంచినీళ్లు తాగి, ఆ రైతు అడిగిన మొదటి మాట: "ఎంతిస్తారేటి మేడమ్ గారూ?"

ఆయన కూతురు డిగ్రీలో నా దగ్గర కెమిస్ట్రీ చదువుకుంది. విశాఖపట్నంలో ఎమ్మెస్సీ చేసి, మూడోసారి రాసిన సీఎస్ఐఆర్ నెట్‌లో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ తెచ్చుకుంది. నెలకి 37,000 రూపాయలని చెప్పాను. 2023 జనవరి నుంచి ఆ మేరకి పెంచారనీ, రెండేళ్లయ్యాక 42,000 అవుతుందనీ చెప్పాను. ఆయనకున్నది ఎకరంన్నర చెరకు. ఆ అంకె ఆయన మొహంలోకి మెల్లగా ఇంకడం చూశాను. "అయితే ఉద్యోగమేనన్నమాట" అన్నారు.

"ఉద్యోగమే అనుకోండి" అన్నాను.

అది అబద్ధమా కాదా అని అప్పట్నించీ ఆలోచిస్తున్నాను.

నా సంగతి కొంచెం చెప్పాలి. నేను 1991లో పిహెచ్‌డిలో చేరినప్పుడు నాకు ఫెలోషిప్ లేదు. ఏ యూనివర్సిటీ అన్నది ఇక్కడ అనవసరం. బస్సు ఛార్జీల దగ్గర్నించి గాజు సామాను దాకా మావారి జీతంలోంచే. "మేం చదివిస్తున్నాం" అని ఇంటిల్లిపాదీ గర్వంగా చెప్పుకునేవారు. ఆ 'చదివించడం'లో నేను తెల్లవారుజామున లేచి వండిపెట్టిన అన్నం లెక్కలోకి రాదు. రెండో ఏడు మా అత్తగారు మంచం పట్టారు. "జీతమా బత్తెమా, మానేస్తే పోయేదేముంది?" అన్నారు. నిజమే, వాళ్ల లెక్కలో పోయేదేమీ లేదు. మానేశాను. అదే ల్యాబ్‌లో నా పక్క బల్ల దగ్గర పనిచేసే ఆవిడ ఇంట్లోనూ అదే ఏడు ఒక ముసలామెకి పక్షవాతం వచ్చింది. కానీ ఆవిడకి ఫెలోషిప్ ఉంది. ఆవిడని మానెయ్యమని ఎవరూ అడగలేదు. ఎవరో దూరపు బంధువుని తెచ్చి పెట్టుకున్నారు. మా ఇద్దరి తెలివిలోనూ పెద్ద తేడా లేదు. తేడా నెలనెలా వచ్చే ఆ కాస్త డబ్బులోనే ఉంది.

అందుకే నా దగ్గరకొచ్చే అమ్మాయిలకి డబ్బు రాని సీటు తీసుకోవద్దని మొహమాటం లేకుండా చెబుతాను. చదువు మీద ప్రేమతో ఊరికే చేసే పరిశోధనకీ, ప్రేమతో ఊరికే చేసే వంటకీ ఈ సమాజంలో ఒకే విలువ.

అయితే డబ్బున్న సీటు వెతకడానికే డబ్బు కావాలి. ఈ మాట మనం, పాఠాలు చెప్పేవాళ్లం, పిల్లలకి సరిగ్గా చెప్పం. నెట్ మూడుసార్లు రాయడమంటే ఏడాదిన్నర పాటు పెళ్లి మాట వాయిదా వెయ్యడం. ప్రతి దరఖాస్తుకీ ఫీజు, ఇంటర్వ్యూకి రాత్రి రైలు, తోడొచ్చే అన్నయ్యకి ఇంకో టికెట్. ఫెలోషిప్ చేతికొచ్చినంత మాత్రాన సీటొచ్చినట్టు కాదు. గైడ్ దొరకాలి. ప్రొఫెసర్‌కి ఎనిమిది మంది, అసోసియేట్‌కి ఆరుగురు, అసిస్టెంట్‌కి నలుగురు అని యూజీసీ పరిమితి. ఈలోగా అవార్డు లెటరు గడువు కరిగిపోతుంటుంది. మా అమ్మాయి నలభై మెయిళ్లు పెడితే ముగ్గురు జవాబిచ్చారు. తను చెయ్యాలనుకున్నది చెరకు పిప్పి మీద. చిన్నప్పట్నించీ బెల్లం పొయ్యిలో మండిపోయే పిప్పిని చూసి పెరిగిన పిల్ల. కానీ ఖాళీ ఉన్న హైదరాబాదు ల్యాబ్‌లో ప్రాజెక్టు నిధులున్నది బ్యాటరీలకి. బ్యాటరీల్లోనే చేరింది.

ఇది కొత్తేమీ కాదు. అన్నా మణి 1940లో బెంగుళూరులో రామన్ ప్రయోగశాలలో స్కాలర్‌షిప్‌తో చేరి వజ్రాల మీద పనిచేశారు. థీసిస్ రాసిచ్చినా ఎమ్మెస్సీ లేదన్న కారణంతో మద్రాసు విశ్వవిద్యాలయం డాక్టరేట్ ఇవ్వలేదు. భౌతికశాస్త్రం చదవాలని 1945లో ఇంగ్లండు వెళ్లారు. దొరికిన స్కాలర్‌షిప్ మాత్రం వాతావరణ పరికరాలకి. దాన్నే తీసుకుని, తిరిగొచ్చి, ఈ దేశపు వాతావరణ పరికరాలకి దిక్కయ్యారు. కాబట్టి నిధి చూపించిన దారి తప్పు దారే అని వాదించను. ఆ దారి మనం ఎంచుకున్నామని మాత్రం అనుకోకూడదు.

చేరిన ఆరు నెలలకి ఫోన్ చేసింది. తమ్ముడి ఇంజనీరింగ్ ఫీజుకి నెలకి పదిహేను వేలు పంపమన్నారట. ఆ నెల ఫెలోషిప్ ఇంకా పడలేదు. స్నేహితురాలి దగ్గర అప్పు చేసి పంపింది. "మీరే కదా మేడమ్ ఉద్యోగమని చెప్పారు" అంది. నిష్ఠూరంగా కాదు, నవ్వుతూనే.

కూతుళ్ల డబ్బే ఇలా అవుతుందని అనలేను. రోహిత్ వేముల 2016 జనవరిలో రాసిన ఆఖరి ఉత్తరంలో తనకి రావలసిన ఏడు నెలల ఫెలోషిప్, లక్షా డెబ్భై అయిదు వేలు, ఇంటివాళ్లకి అందేలా చూడమన్నాడు. ఆ తల్లి కుట్టుమిషను మీద పిల్లల్ని పెంచింది. పేదింటికి ఫెలోషిప్ వస్తే అది ఆ ఇంటి ఆదాయమే. దాన్ని తప్పుపట్టే హక్కు నాకు లేదు. కానీ తమ్ముడు రేపు సంపాదిస్తే అక్క థీసిస్‌కి పంపుతాడా అని అడగకుండా ఉండలేకపోతున్నాను.

స్వీడన్, నెదర్లాండ్స్ లాంటి చోట్ల చాలామటుకు పిహెచ్‌డి అంటే నిజంగానే కాంట్రాక్టుతో, సెలవులతో, పెన్షన్ జమతో కూడిన ఉద్యోగం. అక్కడయితే నా మాట అబద్ధం కాదు. ఇక్కడ 2016 నుంచి యూజీసీ స్త్రీలకి 240 రోజుల ప్రసూతి సెలవు, గడువులో అదనంగా రెండేళ్లు ఇచ్చింది. మంచిదే. నెట్ ఫెలోషిప్ మాత్రం మొత్తం కలిపి అయిదేళ్లే. 'చదువు' అని చెబితే ఆ తండ్రి పంపేవాడు కాదు. 'ఉద్యోగం' అన్నాను, పంపాడు, జీతం అడిగాడు. నేను తెరిచిన తలుపుకి వెల ఆ పిల్ల కడుతోంది. మళ్లీ ఎవరైనా తండ్రి వచ్చి అడిగితే ఏం చెబుతాను? బహుశా ఇదే చెబుతాను. అదే నన్ను ఇబ్బంది పెడుతోంది.

మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు పిల్ల ఒక్కటే అడిగింది. హాస్టల్ దొరకలేదు కాబట్టి ఇంటద్దె భత్యం విడిగా వస్తుందట. రూముకి పోను మిగిలింది ఓ కాన్ఫరెన్సుకి దాచుకుంటోంది. "నాన్నకి చెప్పకండి మేడమ్."

వారం తిరక్కుండా ఆయన కొత్త బెల్లం అచ్చు తెచ్చి అరుగు మీద పెట్టి కూర్చున్నారు. "ఆ ముప్పై ఏడు కాక ఇంకేమైనా ఇస్తారేటి మేడమ్ గారూ?"

ఉండండి, ఈ బెల్లంతోనే టీ పెట్టుకొస్తానని లోపలికెళ్లాను.