నూనె అప్పు దొరకదు

డిసెంబర్ 31 రాత్రి మన క్రిస్టియన్ ఫ్రెండ్స్ చాలామంది వాచ్‌నైట్ సర్వీసుకి వెళ్తారు. పాత సంవత్సరం చివరి గంటలు చర్చిలో ప్రార్థనతో గడుపుతారు. మెలకువగా ఉండమని యేసు చెప్పిన కథ ఒకటి మత్తయి సువార్త 25వ అధ్యాయంలో ఉంది. మన ఛానెల్‌లో ఇదేంటి అనుకోకండి. ఆ కథ చదివాకే గీత 8వ అధ్యాయం నాకు ఇంకొంచెం బాగా అర్థమైంది.

పెళ్లికొడుకుని ఎదుర్కోడానికి పదిమంది అమ్మాయిలు దివిటీలు పట్టుకుని వెళ్తారు. ఐదుగురు విడిగా నూనె కూడా తెచ్చుకుంటారు, మిగతా ఐదుగురు తెచ్చుకోరు. అతను ఆలస్యం చేస్తాడు. అర్ధరాత్రి 'వచ్చేస్తున్నాడు' అని కేక వినపడేసరికి వీళ్ల దివిటీలు ఆరిపోతుంటాయి. కాస్త నూనె ఇవ్వమని అడిగితే, 'అందరికీ చాలదు, వెళ్లి కొనుక్కోండి' అంటారు వాళ్లు. కొనుక్కొచ్చేలోపు తలుపు వేసేస్తారు.

ఇది స్వార్థం కాదా? పక్కింటావిడ కప్పు పంచదార అడిగితే మనమే లేదనం కదా! ఉన్నదంతా పేదలకిచ్చేయమన్న యేసు, ఇవ్వనివాళ్లని తెలివైనవాళ్లు అంటాడేంటి?

కథలో చాలామంది దాటేసే మాట ఒకటుంది: పదిమందీ నిద్రపోయారు. ఆ తెలివైనవాళ్లు కూడా. దానికి ఎవరినీ తప్పుపట్టలేదు. అతిగా నిద్రపోయేవాడికీ, అతిగా మేలుకునేవాడికీ యోగం కుదరదని గీత 6వ అధ్యాయం కూడా అంటుంది. ఆన్‌కాల్ డ్యూటీ చేసినవాళ్లకి ఇది ఈజీగా అర్థమవుతుంది. రాత్రి హాయిగా పడుకోవచ్చు. కానీ రెండింటికి ఫోన్ మోగితే, ఆ సిస్టమ్ గురించి అప్పటిదాకా నేర్చుకున్నదే పనికొస్తుంది. పక్కవాడు ల్యాప్‌టాప్ ఇవ్వగలడు, ఆర్నెల్ల అనుభవం ఇవ్వలేడు.

ఆ నూనె అలాంటిదేనని నేననుకుంటున్నా. మనలో చాలామందికి భక్తి డిపార్ట్‌మెంట్ అమ్మది. ఊళ్లో ఆవిడ దీపం పెడుతుంది, మనం వీడియో కాల్‌లో దణ్ణం పెట్టేస్తాం. పుణ్యం పంచుకోవచ్చని మన పెద్దలే అన్నారు, కాదనను. ఆవిడ పూజ వల్ల మనకి మేలే జరగొచ్చు. కానీ ఆవిడకున్న నిబ్బరం మనకొస్తుందా? ఒకళ్లు తింటే ఇంకొకళ్ల కడుపు నిండదు కదండీ.

చివరి క్షణంలో దేన్ని తలుచుకుంటే దాన్నే పొందుతారని కృష్ణుడు అనగానే, సరే చివర్లో చూసుకుందాం అనిపిస్తుంది. వెంటనే ఆయన, ఎప్పుడూ ఏ భావంలో ఉంటే అదే అప్పుడు గుర్తొస్తుందంటాడు. కాబట్టి అన్ని వేళలా నన్ను తలుచుకో, యుద్ధమూ చెయ్యి అంటాడు. అన్నీ ఆపేసి కూర్చోమనలేదు. మత్తయి 24లో కూడా యజమాని తిరిగొచ్చేసరికి ఇంట్లోవాళ్లకి వేళకి అన్నం పెడుతూ కనిపించిన సేవకుడే ధన్యుడు.

తేదీలు లెక్కపెట్టడం మాత్రం వేరే జబ్బు. ఆ రోజు ఎవరికీ తెలియదని అదే అధ్యాయంలో ఉన్నా, అమెరికాలో విలియం మిల్లర్ అనుచరులు వేలమంది 1844 అక్టోబర్ 22న క్రీస్తు వస్తాడని ఎదురుచూశారు. ఆ రోజు గడిచిపోయింది. మనమేం తక్కువ కాదు. పురాణాల లెక్కలో కలియుగం 4,32,000 ఏళ్లు, గడిచింది 5,100 పైచిలుకు. అయినా 'ఈ ఏడాదే కలియుగాంతం' అనే థంబ్‌నెయిల్ కనిపిస్తే నొక్కకుండా ఉండలేం. భయపడతాం, నలుగురికి షేర్ చేస్తాం, పడుకుంటాం.

మరి ఆ మూసిన తలుపు సంగతి? శిలువ మీద చివరి గంటల్లో యేసుని వేడుకున్న దొంగకి పరదైసు దొరికింది. భాగవతంలో అజామిళుడు ప్రాణం పోయేటప్పుడు 'నారాయణా' అని కొడుకుని పిలిస్తే విష్ణుదూతలు వచ్చారు. దొంగ విషయంలో అది పూర్తిగా దయే, దానికి నా దగ్గర లెక్క లేదు. అజామిళుడు మాత్రం చివర్లో పనికొస్తుందని ఆ పేరు దాచిపెట్టుకోలేదు. ఆ చిన్నకొడుకంటే ప్రాణం. తింటున్నా తాగుతున్నా వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఆ పేరుతోనే పిలిచేవాడు, రోజూ.