రెండోసారికి పడే బ్రేకు

"రెండుసార్లు కొట్టన్నా, పడతాది."

పాత ప్రీమియర్ పద్మిని తాళంచెవి చేతిలో పెడుతూ కర్నూలు, కడప వైపు ఎవరైనా ఈ మాట అన్నారనుకోండి. అందులో అబద్ధమేమీ లేదు. నిజంగానే పడుతుంది. మొదటిసారి పెడల్ స్పాంజిలా మెత్తగా కిందికి పోతుంది. వెంటనే ఇంకోసారి కొడితే కాస్త పైన దొరుకుతుంది, బండి ఆగుతుంది. నా అభ్యంతరం ఈ మాట మీద కాదు. ఈ మాట చెప్పాలని కూడా తోచని స్థితి ఒకటుంది. నన్ను ఇబ్బంది పెడుతున్నది అదీ.

ముందు యంత్రం సంగతి చూద్దాం. పద్మిని అంటే ఇటలీ ఫియట్ 1100కి మన రూపం. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్ళు తయారుచేసేవాళ్ళు. నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే. పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్ బ్రేక్ ఆయిల్‌ని నెడుతుంది, ఆ ఒత్తిడి సన్నటి గొట్టాల్లోంచి చక్రం దాకా పోయి బ్రేక్ షూలని డ్రమ్ముకి అదుముతుంది. ద్రవాన్ని ఎంత నొక్కినా దాదాపుగా నలగదు కాబట్టే ఇదంతా పని చేస్తుంది. గాలి నలుగుతుంది. లైన్లో చిన్న బుడగ చేరినా కాలు పెట్టిన బలంలో కొంత దాన్ని నలపడానికే సరిపోతుంది.

అయితే మెత్తటి పెడల్ అనగానే "ఎయిర్ పట్టింది" అని తీర్పు చెప్పేసే మెకానిక్‌ని నేను పూర్తిగా నమ్మను. కాలికి తెలిసే తేడాలు చాలా ఉన్నాయి. పెడల్ లోతుకి పోయి, రెండోసారి కొట్టగానే పైకొచ్చి గట్టిగా నిలబడిందంటే, షూలు అరిగి డ్రమ్ముకి దూరమై ఉండొచ్చు. అప్పుడు ముందు చేయాల్సింది అడ్జస్ట్‌మెంటు. ఎన్నిసార్లు కొట్టినా కింద స్ప్రింగులా ఊగుతుంటే గాలి, లేదా తొక్కినప్పుడల్లా ఉబ్బే పాత రబ్బరు హోసులు. తొక్కిపట్టి ఉంచితే మెల్లమెల్లగా దిగిపోతోందంటే ఆయిల్ బయటికి కారుతోంది, లేదంటే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు సీలు పోయింది. పెడల్ రాయిలా ఉండి కూడా బండి ఆగకపోతే అది ఇంకో కథ: లైనర్లు గాజులా నునుపుదేరాయి, లేదా వాటికి ఆయిల్ అంటింది.

నీళ్ళ సంగతి కూడా ఉంది. బ్రేక్ ఆయిల్ అని పిలుస్తాం గానీ అది నూనె కాదు. గాలిలో తేమని పీల్చుకునే రసాయనం. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, తేమ చేరాక ఆ హద్దు 140కి పడిపోతుంది. వాన కోసం మొగులు చూసే రాయలసీమలో మనకి దొరకని నీళ్ళు ఆ చిన్న డబ్బాకి మాత్రం ఏళ్ళ తరబడి నిదానంగా దొరుకుతూనే ఉంటాయి.

ఇన్ని కారణాలున్నాయి కదా, మరి యజమానికి ఏదీ ఎందుకు కనపడదు? రెండుసార్లు కొట్టడం వల్ల. ఆ రెండో దెబ్బ బ్రేకుని పట్టించడంతో పాటు లోపాన్ని కప్పేస్తుంది కూడా. మొదటివారం అది భయం, రెండోవారం జాగ్రత్త, ఆరునెలలకి అలవాటు. ఆ తర్వాత అది అతని నడక లాంటిది. "బ్రేకులెట్లున్నాయి?" అనడిగితే "బాగున్నాయి" అంటాడు, మనస్ఫూర్తిగా. మేం సాఫ్ట్‌వేర్‌లో రోజూ చేసే పనే ఇది. సర్వర్ మొదటి పిలుపుకి పలకకపోతే మళ్ళీ పిలవమని ఒక రీట్రై రాసి పడేస్తాం. ఎర్రర్ పోతుంది. ఎర్రర్‌కి కారణం పోదు, అది కనపడటం మానేస్తుంది, అంతే.

డబ్ల్యు. కె. క్లిఫర్డ్ అనే ఇంగ్లండు గణితవేత్త 1877లో అచ్చయిన ‘ది ఎథిక్స్ ఆఫ్ బిలీఫ్’ వ్యాసంలో ఒక ఓడ యజమాని కథ చెప్తాడు. పాత ఓడ, ఎన్నోసార్లు మరమ్మతు చేసింది. వలసపోయే జనాన్ని ఎక్కించి పంపబోతుంటే అతనికి అనుమానం వస్తుంది. ఇన్నిసార్లు క్షేమంగా వచ్చింది కదా, దేవుడున్నాడు కదా అని సర్దిచెప్పుకుని, నిజంగా నమ్మి పంపుతాడు. ఓడ మునుగుతుంది. అతను నిజాయితీగానే నమ్మాడు, కానీ అలా నమ్మే హక్కు అతనికి లేదు అంటాడు క్లిఫర్డ్. ఓడ మునగకుండా తీరం చేరినా తప్పు తప్పే అని కూడా అంటాడు.

నాకు ఈ ఉదాహరణ కాస్త సులువుగా అనిపిస్తుంది. ఓడ యజమాని ఓడలో లేడు, పైగా ఇన్సూరెన్సు డబ్బు తీసుకున్నాడు. అతన్ని తిట్టడం తేలిక. మన పద్మిని ఆయన మాత్రం ముందు సీట్లో తనే కూచున్నాడు, పక్కన భార్య, వెనక పిల్లలు. మోసం చేసేవాడు తన పిల్లల్ని ఎక్కించుకోడు. పైగా అతని నమ్మకానికి ఆధారం ఉంది: అతని కాలికి ఆ బ్రేకు నిజంగానే తెలుసు. నంద్యాల నుంచి ఆళ్ళగడ్డ, మైదుకూరు మీదుగా కడపకి వెళ్ళే దారిలో, ముందు లారీని దూరం నుంచే చూసి ఒకసారి ఊరికే కొట్టి ఉంచుకుంటే సరిపోతుంది. చిక్కు ఏమిటంటే ఆ నమ్మకానికి కొన్ని షరతులున్నాయి, వాటిని ఎవరూ ఎక్కడా రాసి పెట్టలేదు. రాయచోటి నుంచి కడప వైపు గువ్వలచెరువు ఘాట్ దిగేటప్పుడు డ్రమ్ములు కాలిపోతుంటాయి. ఆ వేడికి తేమ పట్టిన ఆయిల్ మరిగి ఆవిరైతే రెండోసారి కాదు, పదోసారి కొట్టినా కాలి కింద ఏమీ దొరకదు. అక్కడ లారీలకి బ్రేకులు ఫెయిలయ్యాయన్న వార్త కడప జనానికి కొత్త కాదు. సెకండ్ గేర్లో దిగేవాడికి కూడా బ్రేకు అక్కర్లేకుండా పోదు.

సర్దుకుపోవడం గొప్ప గుణమని మనకి చిన్నప్పట్నుంచీ నేర్పారు. కరువు నేల మీద అది నిజంగా గొప్ప గుణమే, వెక్కిరించడం నాకిష్టం లేదు. తోస్తే తప్ప స్టార్టవ్వని కారుతో పదేళ్ళు సర్దుకుపోయినా ఎవరికీ నష్టం లేదు, వీధిలో పిల్లలకి సరదా. ఆ లోపానికి మూల్యం యజమాని ఓపిక. మెత్తటి బ్రేకుకి మూల్యం చెల్లించేది చాగలమర్రి దగ్గర గొర్రెల్ని రోడ్డు దాటిస్తున్న మనిషి కావచ్చు. ఈ సర్దుబాటులో అతని వాటా ఎంతో అతన్ని ఎవరూ అడగలేదు.

మరి బండి చేతులు మారినప్పుడు? 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్లో ఇలాంటి ప్రశ్నకే ఒక ఉదాహరణ ఉంది, గుర్రం గురించి. గుర్రంలో లోపం ఉందని తెలిసీ నోరు మెదపకుండా వేలంలో అమ్మితే అది మోసం కాదట. కొనేది అప్పుడే మైనారిటీ తీరిన తన కూతురైతే మాత్రం చెప్పడం బాధ్యత. కొనేవాడు "నువ్వు కాదనకపోతే గుర్రం బాగుందనే అనుకుంటా" అన్నప్పుడు ఊరుకుంటే, ఆ మౌనం మాటతో సమానం. చట్టం కదా, ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదు. కానీ గుర్రం కుంటిదైతే నష్టపోయేది కొన్నవాడే. బ్రేకు విషయంలో అసలు వేలంపాటకే రాని మనిషి ఒకడున్నాడు. ఆ గొర్రెలాయన ఎవరికీ కూతురు కాదు, ఎవరి దగ్గరా ఏమీ కొనలేదు. ఆయనకి చెప్పే వీలు కూడా లేదు, బాగు చేయించడం తప్ప.

బాగు చేయడం ఒక్కడివల్ల అయ్యే పని కాదు. సీలు మార్చి, షూలు సరిచేసి, కొత్త ఆయిల్ పోశాక గాలి తీయాలి. మామూలుగా దానికి ఇద్దరు కావాలి, ఒకరు సీట్లో, ఒకరు బండి కింద. మాస్టర్ సిలిండర్‌కి అన్నిటికన్నా దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెడతారు. కిందున్నాయన నిపుల్‌కి సన్నటి పైపు తగిలించి, రెండో కొసని ఆయిల్ పోసిన సీసాలో ముంచుతాడు. పైనున్నవాడికి సీసా కనపడదు, కిందున్నవాడికి పెడల్ కనపడదు. నిపుల్ బిగించకముందే కాలు తీశాడా, గాలి మళ్ళీ లోపలికి పోతుంది. అందుకే ఇద్దరూ గట్టిగా అరుచుకుంటూ చేస్తారు.

"తొక్కప్పా."

"తొక్కినా."

"పట్టుకో, నేను చెప్పేదాకా వదలాకు. దిగిందా?"

"దిగింది."

"ఆ, బిగించినా. ఇప్పుడు వదులు. బుడగలు ఇంకా వస్తాండాయి. మళ్ళీ తొక్కు."