నీళ్లు కడిగేది ఎవరిని?

ఆచారం అంటే ఏమిటి? మనలో చాలామంది దగ్గర దీనికి జవాబు సిద్ధంగా ఉంటుంది. అర్థం తెలియకుండా చేసే తంతు, భయం మీద బతికే అలవాటు, పూజారి పొట్ట నింపే పని అంటాం. చాలాచోట్ల అది నిజం కూడా. మనిషిని కట్టిపడేసే పది సంకెళ్లలో వ్రతాల్నీ తంతుల్నీ పట్టుకుని వేలాడడం ఒకటని బుద్ధుడు చెప్పాడు. నదిలో మునిగితే పాపం కొట్టుకుపోతుందన్న మాటను ఆయన ఒప్పుకోలేదు.

సరే. ఇల్లు పోయి, ఊరు పోయి, కన్నవాళ్లు పోయిన మనిషి ఒకరు ఒక ఊట దగ్గరికి వచ్చి తల వంచి నిలబడితే, ఆ మనిషితో కూడా మనం ఇదే మాట అంటామా? ఈ ప్రశ్నను గాలిలో వదిలేయకుండా ఒక జాతి జీవితంలో పెట్టి చూద్దాం. వాళ్ల పేరు యెజీదీలు.

వాళ్లకు ఏం జరిగింది?

యెజీదీలు ఎక్కువగా ఉత్తర ఇరాక్‌లో ఉండే చిన్న మత సమాజం. మాట్లాడేది కుర్దు భాష. ఒక్క దేవుణ్ని, ఆయన లోకాన్ని అప్పగించిన ఏడుగురు దేవదూతలను నమ్ముతారు. ఆ ఏడుగురిలో పెద్ద, నెమలి దూత. ఆయన్నే సైతాన్ అని ఇతరులు ముద్ర వేశారు. ఆ ముద్రను సాకుగా చేసుకుని శతాబ్దాలుగా వీళ్లను చంపుతూ వచ్చారు. అలాంటి ఒక్కో మారణకాండను యెజీదీలు 'ఫర్మాన్' అంటారు. 2014లో జరిగింది 74వ ఫర్మాన్ అని వాళ్ల లెక్క.

ఆ ఏడాది ఆగస్టు 3న ఐసిస్ ముఠాలు సింజార్ ప్రాంతం మీద పడ్డాయి. వేలాది కుటుంబాలు సింజార్ కొండ ఎక్కాయి. ఆ ఎండలో గుక్కెడు నీళ్లు లేక పసిపిల్లలు, ముసలివాళ్లు ప్రాణాలు విడిచారు. ఆగస్టు 15న కోచో అనే ఊళ్లో మగవాళ్లను బయటికి తీసుకుపోయి కాల్చేశారు. మొత్తం మీద ఆరు వేల మందికి పైగా ఆడవాళ్లను, పిల్లలను ఎత్తుకుపోయారు. ఆడవాళ్లను సంతలో సరుకులా అమ్మారు. 2018లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్న నాదియా మురాద్ ఆ కోచో ఊరి బిడ్డే. ఇది జాతి నిర్మూలన అని 2016లో ఐక్యరాజ్యసమితి విచారణ సంఘం తేల్చింది. ప్రాణాలతో బయటపడ్డవాళ్లలో ఎక్కువమంది దుహోక్ చుట్టుపక్కల గుడారాల్లో తలదాచుకున్నారు.

తెల్ల ఊట దగ్గర

చెర నుంచి తప్పించుకున్న ఆడవాళ్లకు ఇంకో భయం ఉండేది. యెజీదీల కట్టుబాటు చాలా గట్టిది. బయటివాళ్లతో పెళ్లి కుదరదు. మతం దాటితే మళ్లీ లోపలికి దారి లేదు. "మీవాళ్లు ఇక మిమ్మల్ని గడప తొక్కనివ్వరు" అని చెరపట్టినవాళ్లే వాళ్లను బెదిరించేవారు. ఆ మాట అబద్ధమని నమ్మడానికి ఆ ఆడవాళ్ల దగ్గర ఆధారం ఏముంది?

అప్పుడు యెజీదీల మత గురువు బాబా షేక్ నోరు విప్పాడు. ఆయన పేరు ఖుర్తో హాజీ ఇస్మాయిల్, అప్పటికే వృద్ధుడు. తిరిగి వచ్చిన ఆడవాళ్లు మన బిడ్డలే, వాళ్లను గౌరవంగా ఇంటికి తెచ్చుకోండి అని సమాజానికి చెప్పాడు. ఆ తర్వాత వాళ్లను లాలిష్‌కు తీసుకురావడం మొదలైంది. లాలిష్ యెజీదీల పుణ్యలోయ. అక్కడ చెప్పులు వేసుకుని ఎవరూ నడవరు. అక్కడి 'తెల్ల ఊట' నీళ్లతోనే యెజీదీ పిల్లలకు బాప్తిస్మం ఇస్తారు. మామూలుగా అది జన్మలో ఒక్కసారే. తిరిగి వచ్చిన ఆడవాళ్లకు రెండోసారి ఇచ్చారు. అంటే ఆచారాన్ని కాపాడాల్సినవాళ్లే మనుషుల కోసం ఆచారాన్ని మార్చారు.

ఇక్కడ మనలో ఎవరికైనా కోపం రావాలి. తప్పు చేసినవాడికి అంటని మైల దెబ్బ తిన్న మనిషికి ఎలా అంటింది? ఆమెను కడగడం ఏమిటి?

న్యాయమైన కోపమే. ఆమెకు మైల లేదు. అలాంటప్పుడు ఆ నీళ్లు కడిగింది ఎవరిని? ఆమెను చూసే కళ్లను. గుసగుసలాడే నోళ్లను. అందరి ముందూ ఆమె తల మీద నీళ్లు పోశాక, "ఈమె మాది కాదు" అనే హక్కు ఇరుగుపొరుగుకు లేకుండా పోయింది. ఊట నీళ్లలో మహిమ ఏమీ అక్కర్లేదు. పదిమంది సాక్షిగా ఇచ్చిన మాటకు ఆ బలం ఉంది.

దుఃఖం మోయడానికి నలుగురు

పెద్ద గాయం తగిలిన మనిషికి ముందు పోయేది, తోటి మనుషుల మీద నమ్మకం. అది మాత్రలతో తిరిగి రాదు. లాలిష్ గుడిలో స్తంభాలకు రంగురంగుల పట్టుబట్టలు చుట్టి ఉంటాయి. వచ్చినవాళ్లు తమ కోరిక తలచుకుని ఆ బట్టకు ముడి వేస్తారు. అయితే ముందుగా ఇంకెవరో వేసి పోయిన ముడి ఒకటి విప్పాలి. ఆ విప్పడంతో ఆ ముక్కూ మొహం తెలియని మనిషి కోరిక తీరుతుందని నమ్మకం. కోరిక తీరడం సంగతి అటుంచండి. నా బాధ చెప్పుకునే ముందు ఇంకొకరి బాధను చేత్తో పట్టుకోమనే ఆచారం అది. కరుణ అంటే మనం చెప్పుకునేది ఇదే కదా!

చావు సంగతీ అంతే. 2021 ఫిబ్రవరిలో, సామూహిక గోతుల నుంచి వెలికితీసి గుర్తించిన వందమందికి పైగా మృతుల అవశేషాలను కోచోలో సాగనంపారు. ఆరున్నర ఏళ్ల తర్వాత ఆ తల్లులకు ఏడవడానికి ఒక సమాధి దొరికింది.

దీన్నిబట్టి ఆచారం ఉంటే వైద్యం అక్కర్లేదని ఎవరూ అనుకోకూడదు. జర్మనీలోని ఒక రాష్ట్రం సుమారు 1,100 మంది ఆడవాళ్లను, పిల్లలను తీసుకెళ్లి మానసిక చికిత్స ఇప్పించింది. దుహోక్ విశ్వవిద్యాలయంలో అక్కడివాళ్లకే ఆ చికిత్సలో శిక్షణ ఇస్తున్నారు. రాత్రిపూట పీడకలతో లేచేవాళ్లకు వైద్యుడు కావాలి. తెల్లారి వీధిలోకి వస్తే తల ఎత్తుకోవడానికి సమాజం కావాలి. ఒకటి ఇంకొకటి చేసే పని చెయ్యలేదు.

మూసుకున్న తలుపు

ఇక చెప్పక తప్పని సంగతి ఒకటుంది. ఆ చెరలో కొందరు ఆడవాళ్లకు పిల్లలు పుట్టారు. 2019 ఏప్రిల్‌లో యెజీదీ ఆధ్యాత్మిక మండలి తిరిగి వచ్చిన వాళ్లందరినీ స్వీకరిస్తామని ప్రకటిస్తే, ఆ పిల్లలు కూడా అందులో ఉన్నారనే అనుకున్నారు. కొద్ది రోజులకే ఆ పిల్లలకు ఇది వర్తించదని మండలి వివరణ ఇచ్చింది. ఇరాక్ చట్టం కూడా తండ్రి ముస్లిం అయితే బిడ్డను ముస్లింగానే రాస్తుంది. తల్లి ముందు రెండే దారులు మిగిలాయి: బిడ్డను వదిలి తనవాళ్ల దగ్గరికి రావడం, లేదా తనవాళ్లను వదిలి బిడ్డతో ఉండడం.

వాళ్లను తీర్పు తీర్చే పీట మీద మనం కూర్చోనక్కర్లేదు. తుడిచిపెట్టుకుపోతామన్న భయంలో ఉన్న చిన్న జాతి అది. ఆ బిడ్డ ముఖంలో తమవాళ్లను చంపినవాడు కనిపిస్తున్నాడు వాళ్లకు. ఆ బాధ నిజమైనదే. కానీ తల్లికి అంటని మైల బిడ్డకు మాత్రం ఎలా అంటుంది? తల్లి కోసం మారిన ఆచారం బిడ్డ కోసం మారకూడదని ఎక్కడుంది?

కాబట్టి మిత్రులారా, ఆచారం మంచిదా చెడ్డదా అని గుండుగుత్తగా అడగడం వల్ల లాభం లేదు. ఎక్కడైనా, ఎవరిదైనా, ఒక్కొక్క ఆచారాన్నీ నిలబెట్టి అడగాలి: నువ్వు ఎవరి బరువు దించుతున్నావు? ఎవరిని బయట నిలబెడుతున్నావు? యెజీదీ ఆడవాళ్ల విషయంలో ఆ ఊట మొదటి ప్రశ్నకు గొప్పగా జవాబు చెప్పింది. రెండో ప్రశ్న దగ్గర ఇంకా ఆ పిల్లలు నిలబడే ఉన్నారు.