జ్ఞానదంతం పీకించుకున్న రోజు 'నేను దేహం కాదు' ఎక్కడికి పోయింది?

గీత 13వ అధ్యాయం వీడియో చూసిన ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. వయసు ఇరవై మూడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. "రోజూ పొద్దున్నే 'నేను ఈ శరీరాన్ని కాను' అని పది నిమిషాలు ధ్యానం చేస్తాను అన్నా. మొన్న జ్ఞానదంతం తీయించుకోవడానికి డెంటిస్ట్ దగ్గర కుర్చీలో పడుకుంటే కాళ్ళు వణికాయి. సూది చూడగానే ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ నేను చేసింది నటనేనా?"

జ్ఞానదంతం పోతే జ్ఞానం కూడా పోయిందా అని స్నేహితులు జోకులు వేసే ఉంటారు. కానీ ఆ ప్రశ్న నవ్వి వదిలేసేది కాదు. వేదాంతం కొంచెం విన్న ప్రతివాళ్ళూ ఎప్పుడో ఒకప్పుడు తమకి తాము పెట్టుకునే పరీక్ష ఇదే: నొప్పి తెలిస్తే జ్ఞానం లేనట్టు, తెలియకపోతే ఉన్నట్టు. నాకైతే ఈ ప్రశ్నపత్రంలోనే తప్పుంది అనిపిస్తుంది. ఇదే కొలత అయితే లిగ్నోకెయిన్‌ని మించిన గురువు ఇంకొకరు ఉండరు!

అసలు ఆ ఇంజెక్షన్ ఏం చేస్తుందో చూడండి. నరంలో కబురు ముందుకి నడవాలంటే సోడియం లోపలికి రావాలి. ఆ దారిని మందు మూసేస్తుంది. నొప్పిని మోసే సన్నని నరపు పోగులు ముందు మూగబోతాయి. ఒత్తిడిని మోసే లావుపాటి పోగులు అంత తేలిగ్గా లొంగవు. అందుకే డాక్టర్ ముందే చెప్తారు, "నొక్కుతున్నట్టు తెలుస్తుంది, నొప్పి ఉండదు, కంగారు పడకండి" అని. నిజంగానే అలాగే ఉంటుంది. దవడ మీద బరువు తెలుస్తుంది, ఎముక గుండా కరకరమనే చప్పుడు చెవికి చేరుతుంది, బాధ మాత్రం ఉండదు. ఇంకో సంగతి, పన్ను ఎముకకి అతికించినట్టు ఉండదు. మధ్యలో సన్నని పీచులాంటి పొర ఒకటి దాన్ని పట్టుకుని ఉంటుంది. డాక్టర్ చేసే పనిలో లాగడం కంటే ఆ పట్టు సడలించడమే ఎక్కువ.

"అదే కదా సాక్షిభావం! జరుగుతున్నది తెలుస్తోంది, అంటడం లేదు" అని కొందరు సంబరపడతారు. నాకు ఈ పోలిక నచ్చదు. రెండు మూడు గంటల్లో తిమ్మిరి వదులుతుంది, నొప్పి మొదలవుతుంది. మందు దిగిపోగానే దిగిపోయేది సాక్షి ఎలా అవుతుంది? మొద్దుబారింది అని తెలిసింది ఎవరికో, సలుపుతోంది అని తెలిసిందీ వాళ్ళకే. మారింది క్షేత్రం. తెలుసుకునేవాడు అప్పుడూ ఉన్నాడు, ఇప్పుడూ ఉన్నాడు.

13వ అధ్యాయంలోనే, మనం తొందరగా చదివి దాటేసే చోట ఒక మాట ఉంది. క్షేత్రంలో ఏమేం ఉంటాయో చెప్తూ కృష్ణపరమాత్మ ఇచ్ఛ, ద్వేషం, సుఖం, దుఃఖం అన్నీ ఆ లెక్కలోనే వేస్తాడు. చివర్లో ధృతిని కూడా అక్కడే వేస్తాడు. ధృతి అంటే ధైర్యం, నిబ్బరం. అంటే ఏమైంది? కుర్చీలో వణికినవాడి వణుకు ఎంత క్షేత్రానిదో, పక్క కుర్చీలో నిబ్బరంగా పడుకున్నవాడి నిబ్బరమూ అంతే క్షేత్రానిది. ఒకరి ఒంటి తీరు అది, ఇంకొకరిది ఇది. ధైర్యంగా ఉన్నంత మాత్రాన ఆత్మజ్ఞాని అయిపోడు. భయపడ్డంత మాత్రాన మన తమ్ముడి పది నిమిషాల ధ్యానం నటన అయిపోదు. తన కాళ్ళు వణుకుతున్నాయని చూసి, గుర్తుపెట్టుకుని, వచ్చి అడిగాడు కదా.

2వ అధ్యాయంలోనూ అంతే. చలీ వేడీ, సుఖమూ దుఃఖమూ వస్తాయి పోతాయి, ఓర్చుకో అన్నాడు స్వామి. అవి లేవు అనలేదు. లేనిదాన్ని ఓర్చుకోమని ఎవరైనా చెప్తారా?

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. వివేకచూడామణిలో తితిక్షకి చెప్పిన నిర్వచనం చాలా కఠినంగా ఉంటుంది: ప్రతీకారం చేయకుండా, చింతా విలాపమూ లేకుండా దుఃఖాలన్నీ సహించడం. మరి ఇంజెక్షన్ ప్రతీకారమే కదా? అసలు డెంటిస్ట్ దగ్గరికి వెళ్ళడమే ప్రతీకారం కదా?

ఈ మాటని మెత్తబరిచి తప్పించుకోవడం నాకు ఇష్టం లేదు. అది నిజంగానే కఠినమైన మాట. కాకపోతే ఎవరికి చెప్పారో చూడాలి. అన్నీ వదిలి మోక్షం ఒక్కటే కావాలన్న సాధకుడికి, తన బాధ విషయంలో తాను ఎలా ఉండాలో చెప్పిన మాట అది. రమణ మహర్షిని చూడండి. ఎడమ చేతి మీద కణితి లేచింది, 1949లో ఒకటి కంటే ఎక్కువసార్లు ఆపరేషన్ చేశారు. చెయ్యి తీసేద్దామంటే మాత్రం ఆయన ఒప్పుకోలేదు. 1950 ఏప్రిల్ 14న దేహం వదిలారు. దేహం తాను కాదని ఆయన కంటే బాగా తెలిసినవాళ్ళు ఎవరుంటారు? అయినా డాక్టర్లని గుమ్మంలోనుంచే పంపించేయలేదు, ఆ చెయ్యి వాళ్ళ ముందు పెట్టారు.

ఇంకో వైపు కుమారసంభవం ఉంది. తపస్సులో చిక్కిపోయిన పార్వతిని శివుడు బ్రహ్మచారి వేషంలో వచ్చి పలకరిస్తాడు. ఒంటికి తగినట్టే తపస్సు చేస్తున్నావా అని అడుగుతాడు, ధర్మానికి మొదటి సాధనం శరీరమే కదా అంటాడు. శ్మశానంలో బూడిద పూసుకునే స్వామి నోట కాళిదాసు పెట్టిన మాట అది. సుశ్రుత సంహిత చెప్పే శస్త్రాల్లో పంటి కోసమే దంతశంకువు అని ఒకటి ఉంది. పన్ను బాగుచేసుకోవడం మన సంప్రదాయానికి కొత్త ఏమీ కాదు. కొత్తగా వచ్చింది నొప్పి లేకపోవడం. 1844లో అమెరికాలో హోరెస్ వెల్స్ అనే డెంటిస్ట్ నైట్రస్ ఆక్సైడ్ పీల్చి తన పన్నే పీకించుకుని చూశాడు. అంతకుముందు తరాలవాళ్ళు పళ్ళు బిగబట్టి, అంటే మిగిలిన పళ్ళు బిగబట్టి, కూర్చోవలసిందే. వాళ్ళంతా మనకంటే పెద్ద జ్ఞానులని చెప్పలేం కదా.

నన్ను నిజంగా బాధపెట్టేది వేరే ఉంది. తితిక్షని మన మీద కాకుండా ఎదుటివాళ్ళ మీద ప్రయోగించడం. ఇంట్లో అమ్మకి మూడు నెలల నుంచి పన్ను నొప్పి. ఒక వైపే నములుతోంది, లవంగం పెట్టుకుని వంట చేస్తోంది. ఖర్చెందుకు, సెలవెందుకు అని ఆవిడ అనదు, మనమూ అడగం. పైగా "మా అమ్మకి ఎంత ఓర్పో" అని మురిసిపోతాం. పంటి వేరు దగ్గర చీము పడితే దవడకి, మెడకి పాకవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. ఆవిడ ఓర్పు ఆవిడ తపస్సేమో, దాన్ని చూస్తూ ఊరుకోవడం మాత్రం మన తపస్సు కాదు. "దేహం నేను కాదు" అనే వాక్యంలో 'నేను' అని ఉంది, గమనించండి. 'నీ దేహం నువ్వు కాదు, సర్దుకో' అని ఎదుటివాళ్ళకి చెప్పడానికి అది పనికిరాదు.

ఇక ట్రేలో పడ్డ ఆ పన్ను సంగతి. పొద్దున అది 'నేను'. ప్రసాదం నమిలింది దాంతోనే. మధ్యాహ్నానికి దూదిలో ఉంది, చేత్తో ముట్టుకోవాలన్నా అదోలా ఉంటుంది. చిన్నప్పుడు పాలపన్ను ఊడితే పేడముద్దలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసిరేవాళ్ళం, ఏ బెంగా ఉండేది కాదు, కొత్తది వస్తుందని తెలుసు. ఇప్పుడు రాదు. వారం దాకా నాలుక మాటిమాటికీ ఆ ఖాళీలోకే వెళ్తుంది. పన్ను ఒక్క పూటలో పోయింది, 'నాది' అన్నది మాత్రం ఇంకా అక్కడే తడుముకుంటోంది. ధ్యానంలో పట్టుకోవడానికి కష్టమైన మమకారం ఇక్కడ నాలుక కొసన దొరుకుతుంది. ఆపక్కర్లేదు, ఎన్నిసార్లు వెళ్తోందో చూస్తే చాలు. (నాలుకతో కెలకకండి, రక్తం గడ్డకట్టిన చోటు కదలకూడదు. స్ట్రా కూడా వద్దు.)

భాగవతంలో పళ్ళు పోగొట్టుకున్న దేవుడు ఒకాయన ఉన్నాడు, పూషుడు. దక్షుడు శివనింద చేస్తుంటే పళ్ళు బయటపెట్టి నవ్వాడు. యజ్ఞం ధ్వంసమైన రోజు ఆ పళ్ళు రాలిపోయాయి. తర్వాత శివుడు శాంతించి అందరికీ ఏదో ఒక ఏర్పాటు చేశాడు. దక్షుడికి మేక తల వచ్చింది. పూషుడికి మాత్రం పళ్ళు తిరిగి రాలేదు. యజమాని పళ్ళతో తినమన్నాడు, లేదంటే పిండి తినమన్నాడు. అలా ఆయన పిష్టభుక్కు అయ్యాడు. పళ్ళు లేకపోయినా యజ్ఞంలో ఆయన భాగం ఆయనకి ఉంది.

సూర్యనమస్కారాల్లో ఆరో నామం ఆయనదే, ఓం పూష్ణే నమః. పన్ను తీయించుకున్నాక కొన్నాళ్ళు వంగి లేచే వ్యాయామాలు వద్దంటారు డాక్టర్లు. తమ్ముడూ, ఈ వారం కూర్చునే పన్నెండు నామాలూ చెప్పుకో. చల్లారిన రాగిజావ తాగు.