చలానా పడినవాడు నష్టపరిహారం అడగవచ్చా?

మదనపల్లె టమోటా మార్కెట్ నుంచి సరుకు లారీలు పుంగనూరు, పలమనేరు, కుప్పం వైపూ, పీలేరు, తిరుపతి వైపూ సాగిపోతుంటాయి. ఆ రోడ్ల మీదే మన మోటారు సైకిళ్ళూ, ఆటోలూ తిరుగుతుంటాయి. ప్రమాదం జరిగిన ఇంట వైద్యం ఖర్చుతోపాటు ఒక ధర్మసందేహం కూడా తలెత్తుతుంది. దాన్ని ఇక్కడ పరిశీలిద్దాం.

ఒక వ్యక్తి ఉన్నాడనుకుందాం. అతనికి లైసెన్సు లేదు. హెల్మెట్ కూడా పెట్టుకోలేదు. పుంగనూరు నుంచి మదనపల్లెకు బండి మీద వస్తుండగా, ముందున్న బస్సును దాటబోయి ఎదురుగా వచ్చిన లారీ అతన్ని గుద్దింది. కాలు విరిగింది, తలకు గాయమైంది. పోలీసులు లారీ డ్రైవరుపై కేసు నమోదు చేశారు. ఇతనికి కూడా జరిమానా విధించారు. నెలల తరబడి పని లేదు. ఇంటికి వచ్చిన బంధువుల్లో ఒకరు, "తప్పు నీ వైపూ ఉంది. ఏ ముఖంతో అడుగుతావు? తఖ్దీర్ అనుకుని సబర్ చెయ్యి" అంటారు. మరొకరు, "బండి నడిపింది లైసెన్సున్న నీ తమ్ముడని చెప్పిద్దాం. ఇచ్చేది ఇన్సూరెన్సు కంపెనీయే కదా!" అంటారు.

ఈ రెండు సలహాల్లో ఏదీ న్యాయపు తూకానికి నిలవదని మేము భావిస్తున్నాము.

జరిమానా వేరు, నష్టం వేరు

జరిమానా అనేది ప్రజలందరి భద్రత కోసం పెట్టిన నియమాన్ని ఉల్లంఘించినందుకు ప్రభుత్వానికి చెల్లించేది. నష్టపరిహారం అలాంటిది కాదు. అది ఒక మనిషి వల్ల మరో మనిషికి కలిగిన నష్టానికి సంబంధించిన హక్కు, అంటే హుఖూఖుల్ ఇబాద్. మొదటి లెక్క చెల్లించినంత మాత్రాన రెండో లెక్క కొట్టివేయబడదు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తన చివరి హజ్ సందర్భంగా ప్రజల ప్రాణం, ధనం, గౌరవం పవిత్రమైనవని ప్రకటించారు. లైసెన్సు లేనంత మాత్రాన ఒక మనిషి కాలికి ఆ పవిత్రత లేకుండా పోదు.

మన దేశ న్యాయస్థానాలు కూడా ఇదే తేడాను పాటించాయి. లైసెన్సు లేకుండా ద్విచక్ర వాహనం నడుపుతూ గాయపడిన ఒక బాలుడి కేసులో, లైసెన్సు లేకపోవడమే ప్రమాదంలో అతని వంతు నిర్లక్ష్యం అనలేమని 2008లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ముగ్గురు కూర్చున్న మోటారు సైకిల్‌ను వెనుక నుంచి కారు ఢీకొన్న కేసులో, హైకోర్టు పరిహారంలో 10 శాతం కోత పెట్టింది. ముగ్గురు ఎక్కడం నియమ ఉల్లంఘనే అయినా, దానివల్లే ప్రమాదం జరిగిందని రుజువు కావాలంటూ 2020లో సుప్రీంకోర్టు ఆ కోతను రద్దు చేసింది.

కాబట్టి "నాకు చలానా పడిందా?" అని కాదు, "నా తప్పు ఈ నష్టానికి ఎంతవరకు కారణమైంది?" అని ప్రశ్నించుకోవాలి.

మన వంతు ఎంత?

మోటారు వాహనాలు లేని కాలంలోనే మన ఫుఖహా ఈ ప్రశ్నను చర్చించారు. ఇద్దరు రౌతులు పరస్పరం ఢీకొని మరణిస్తే ఏం చేయాలి? ఒక్కొక్కరి పక్షంవారు ఎదుటివాని పూర్తి దియత్ (రక్తపరిహారం) చెల్లించాలని హనఫీ ఫిఖహ్ చెబుతుంది. ఇమామ్ షాఫయీ, హనఫీ పండితుల్లోనే ఇమామ్ జుఫర్ (రహ్మతుల్లాహి అలైహిమా) సగమే చెల్లించాలన్నారు. ఎందుకంటే ప్రతి ఒక్కరి మరణంలో అతని సొంత చర్యకు కూడా సగం వంతు ఉంది. లెక్కలో భేదం ఉన్నా, తప్పులో భాగముంది కదా అని ఎవరి హక్కునూ వారు పూర్తిగా తుడిచివేయలేదు.

1993లో బ్రూనై రాజధానిలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ రోడ్డు ప్రమాదాలపై తీర్మానం చేసింది. షరీఅత్‌కు విరుద్ధం కాని ట్రాఫిక్ నియమాలను పాటించడం తప్పనిసరి అని అది స్పష్టం చేసింది. నష్టానికి రెండు వేర్వేరు కారణాలుంటే, ఎవరి వంతు ఎంతో వారి బాధ్యత అంత అనీ, వంతులు తేలకపోతే చెరిసగం అనీ పేర్కొంది.

మన ఉదాహరణకే వద్దాం. కాలు విరగడానికీ, హెల్మెట్ లేకపోవడానికీ సంబంధం లేదు. తల గాయం తీవ్రం కావడానికి మాత్రం సంబంధం ఉండవచ్చు. మొత్తం నష్టం 4 లక్షలై, అందులో నాలుగో వంతు తన తప్పువల్లే అని తేలితే, అతనికి న్యాయంగా రావలసింది 3 లక్షలు. మరో సంగతి కూడా మరువరాదు. ఎదుటివానికి నష్టం జరిగి, అందులో మన తప్పుకూ భాగముంటే, ఆ మేరకు మనమూ అతనికి బాకీపడ్డట్టే.

తీర్పు గెలిచినా హలాల్ కాదు

ఇక రెండో సలహా. నడిపినవాని పేరు మార్చడం, లేని వైకల్యానికి సర్టిఫికెట్ సంపాదించడం, చూడనివాణ్ణి సాక్షిగా నిలబెట్టడం. పరుల సొమ్మును అధర్మంగా తినరాదనీ, అందుకోసం అధికారులను ఆశ్రయించరాదనీ దివ్య ఖుర్‌ఆన్ (అల్ బఖరా: 188) హెచ్చరించింది. హజ్రత్ ఉమ్మె సలమా (రజియల్లాహు అన్హా) ఉల్లేఖించిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. వాదనా పటిమ చూసి తాను ఒకరికి అతని సోదరుని హక్కును ఇప్పిస్తే, అతను తీసుకునేది అగ్నిఖండమేనని దైవప్రవక్త (స) అందులో హెచ్చరించారు. స్వయంగా ఆయన తీర్పే అసత్యాన్ని హలాల్ చేయలేనప్పుడు, ట్రిబ్యునల్ తీర్పు చేయగలదా?

"కంపెనీ డబ్బే కదా" అనే మాట కూడా తప్పుదారి పట్టించేదే. ఆ నిధి లక్షలాది వాహనదారులు కట్టిన ప్రీమియంతో ఏర్పడింది. యజమాని ముఖం మనకు కనిపించకపోయినా పరుల సొమ్ము పరుల సొమ్మే. పైగా దొంగ క్లెయిములు పెరిగినకొద్దీ, నిజంగా కాళ్ళు చేతులు పోగొట్టుకున్నవారిని కూడా అనుమానంతో చూస్తారు.

సబర్ అంటే హక్కు వదులుకోవడమేనా?

మొదటి సలహా ఇచ్చినవారి ఉద్దేశం మంచిదే. క్షమించడం గొప్ప గుణం. అయితే మనిషి తన హక్కును క్షమించగలడు గానీ ఇతరుల హక్కును కాదు. ఇంటి పెద్ద మరణిస్తే, యతీములైన పసిపిల్లల వాటాను చిన్నాన్నో, మేనమామో మొహమాటానికి వదిలేయడం క్షమాగుణం కాదు. వైద్యానికి చేసిన అప్పు తీర్చవలసి ఉన్నవాడు కూడా ఆలోచించి అడుగు వేయాలి.

కాబట్టి దావా వేయండి, సత్యంతో వేయండి. వకీలుకు చలానా సంగతి దాచవద్దు. ప్రమాదం ఎక్కడ జరిగినా, బాధితుడు తాను నివసించే ప్రాంతపు ట్రిబ్యునల్‌లో దరఖాస్తు చేసుకునే వీలుంది. 2019 నాటి చట్టసవరణ ఆరు నెలల గడువు పెట్టింది గనుక ఆలస్యం చేయవద్దు. పరిహారంతోపాటు వచ్చే వడ్డీ గురించి మీకు నమ్మకమున్న ముఫ్తీ సాహెబును అడిగి తెలుసుకోండి.

సాక్ష్యం మనకే వ్యతిరేకమైనా న్యాయంపై నిలబడాలని ఖుర్‌ఆన్ (అన్నిసా: 135) ఆజ్ఞాపిస్తోంది. "నాకు లైసెన్సు లేదు" అని జడ్జి ముందు ఒప్పుకున్నవానికి కొంత సొమ్ము తగ్గితే తగ్గవచ్చు. కానీ అతని పిల్లలు తినే ముద్ద హలాల్ అవుతుంది.

మన హక్కును నిజాయితీగా అడిగే ధైర్యాన్నీ, మనది కానిదాన్ని వదిలేసే తఖ్వానూ అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.